క్లాట్ అయితే నయమైనట్టేనా? మెదడులోని పెద్ద ఎన్యూరిజంల కథ

ఈ రోజు ఎపిసోడ్ ఒక స్కాన్ రిపోర్టులో కనిపించే లైనుతో మొదలుపెడదాం. "పార్షియల్లీ థ్రాంబోస్డ్ జెయంట్ ఎన్యూరిజం." మన ఇంట్లో ఎవరికైనా ఇలాంటి రిపోర్టు వచ్చిందనుకోండి, డాక్టర్ దగ్గరికి వెళ్లేలోపే ఫోన్ తీసి వెతికేస్తాం. థ్రాంబోస్డ్ అంటే రక్తం గడ్డకట్టింది అని తెలుస్తుంది. అక్కడి నుంచి ఇంట్లో రెండు పార్టీలు తయారవుతాయి. ఒక పార్టీ "అమ్మో, మెదడులో క్లాట్ అంట" అని ఏడుపు మొదలుపెడుతుంది. రెండో పార్టీ "ఉబ్బిన చోట రక్తం గడ్డకట్టి మూసుకుపోతోంది కదా, దానంతట అదే తగ్గిపోతుంది, ఇంక ఆపరేషన్ ఎందుకు" అంటుంది.

ఈ రెండో మాటే ఎక్కువ ప్రమాదం. ఎందుకంటే అది పూర్తిగా అబద్ధం కాదు. నిజంగానే కొందరికి అలా జరిగింది. వైద్య చరిత్రలో రికార్డు ఉంది. 1785 నుంచి ఈ రోజు దాకా ఎంతోమంది సర్జన్లు అదే ఆశ మీద పనిచేశారు: ఎన్యూరిజం లోపల రక్తం గడ్డకడితే ప్రమాదం పోతుంది అని. ఆ ఆశ ఎక్కడ నిజమైంది, ఎక్కడ ఎదురు తిరిగింది అన్నదే ఈ రోజు కథ.

ముందు బేసిక్స్

మన తెలుగులో ఒక చిక్కు ఉంది. "నరం చిట్లింది" అంటాం, "నరాల బలహీనత" అని కూడా అంటాం. రక్తం పారే గొట్టానికీ, సిగ్నల్ మోసే తీగకీ ఒకటే మాట వాడేస్తాం. ఈ వీడియోలో నేను రక్తం పారేదాన్ని రక్తనాళం లేదా ధమని అంటాను. సిగ్నల్ మోసేదాన్ని మాత్రమే నరం అంటాను. ఈ కథలో రెండూ వస్తాయి కాబట్టి ఇది గుర్తుపెట్టుకోండి.

ఎన్యూరిజం అంటే ధమని గోడ ఒకచోట బలహీనపడి బయటికి ఉబ్బడం. సైకిల్ ట్యూబ్ ఒకచోట పల్చబడితే అక్కడ బుగ్గలా లేస్తుంది చూశారా, అలాంటిదే. ఆ బుగ్గకి ధమనితో కలిసే చోట ఒక ద్వారం ఉంటుంది. డాక్టర్లు దాన్ని మెడ అంటారు. బుగ్గ పగిలితే మెదడు చుట్టూ రక్తం చేరుతుంది. ప్రాణం మీదికి వచ్చేది అప్పుడే.

చాలా ఎన్యూరిజంలు కొన్ని మిల్లీమీటర్లే ఉంటాయి. 25 మిల్లీమీటర్లు, అంటే దాదాపు రెండు రూపాయల బిళ్ల వెడల్పు, లేదా అంతకన్నా పెద్దవి అయితే వాటిని జెయంట్ ఎన్యూరిజం అంటారు. రక్తం దానంతట అదే గడ్డకట్టడం ముఖ్యంగా ఈ పెద్దవాటిలోనే కనిపిస్తుంది. ఎందుకు?

ఇక్కడ చిన్న లెక్క. 6 మిల్లీమీటర్ల బుగ్గ 25 మిల్లీమీటర్లకి పెరిగిందనుకుందాం. అంతా ఒకే పోలికలో పెరిగితే, మెడ వైశాల్యం సుమారు 17 రెట్లు అవుతుంది. లోపలి ఘనపరిమాణం మాత్రం 72 రెట్లు అవుతుంది. గది 72 రెట్లు పెరిగింది, తలుపు 17 రెట్లే పెరిగింది. కాబట్టి లోపలికొచ్చిన రక్తం త్వరగా బయటికి వెళ్లలేదు. మూలల్లో నిదానంగా తిరుగుతూ ఉంటుంది. నిజమైన ఎన్యూరిజంలు ఇంత చక్కగా గుండ్రంగా పెరగవు, కానీ విషయం అర్థం కావడానికి ఇది చాలు.

రక్తం ఎందుకు గడ్డకడుతుందో చెప్పేటప్పుడు ఇప్పటికీ 19వ శతాబ్దపు జర్మన్ శాస్త్రవేత్త రుడాల్ఫ్ విర్కో పేరు చెప్తారు. రక్తం నిలిచిపోవడం, రక్తనాళం లోపలి పొర దెబ్బతినడం, రక్తానికే గడ్డకట్టే గుణం పెరగడం. ఈ మూడు కారణాలు. పెద్ద ఎన్యూరిజంలో మొదటి రెండూ ముందే రెడీగా ఉంటాయి. రక్తం నిదానం, గోడ పాడైపోయింది. క్లాట్ ఏర్పడటంలో ఆశ్చర్యం లేదన్నమాట.

అమెరికాలో విలియం జర్మన్, శామ్యూల్ బ్లాక్ అనే ఇద్దరు సర్జన్లు కుక్కల ధమనులకి సిర ముక్కతో కృత్రిమంగా బుగ్గలు కుట్టి దీన్ని పరీక్షించారు. 1960లో వాళ్లు ప్రచురించిన ఫలితం ఈ లెక్కనే బలపరిచింది. బుగ్గ ఘనపరిమాణానికీ మెడ సైజుకీ ఉన్న నిష్పత్తి పెరిగేకొద్దీ రక్తం దానంతట అదే గడ్డకట్టే అవకాశం పెరుగుతుంది. మెడ వెడల్పుగా ఉంటే రక్తం కడుక్కుంటూ పోతుంది.

గుర్రబ్బండి తోలేవాడి మోకాలు

ఇప్పుడు మెదడు నుంచి కాసేపు కాలికి వెళ్దాం, ఎందుకంటే ఈ ఆలోచన పుట్టింది అక్కడే. లండన్, సెయింట్ జార్జ్ హాస్పిటల్, 1785 డిసెంబర్. పేషెంట్ ఒక గుర్రబ్బండి తోలే వ్యక్తి, వయసు 45. మోకాలి వెనక పెద్ద ఎన్యూరిజం. అప్పట్లో దీనికి దారులు రెండే. కాలు తీసేయడం, లేదా ఆ బుగ్గనే కోసి తెరవడం. రెండిట్లోనూ చాలామంది చనిపోయేవాళ్లు. గుర్తుంచుకోండి, అప్పటికి మత్తుమందు లేదు, సూక్ష్మజీవుల సంగతి తెలియదు.

సర్జన్ జాన్ హంటర్ మూడో దారి ఎంచుకున్నాడు. బుగ్గ జోలికే వెళ్లలేదు. దానికి పైన, తొడలో, ఆరోగ్యంగా ఉన్న చోట ధమనిని దారంతో కట్టేశాడు. ఆయన లాజిక్ ఏంటంటే, పైనుంచి వచ్చే ప్రెషర్ తగ్గితే బుగ్గలో రక్తం గడ్డకట్టి కుంచించుకుపోతుంది. కాలికి కావలసిన రక్తం పక్కనున్న చిన్న చిన్న రక్తనాళాల ద్వారా చేరుతుంది. సరిగ్గా అదే జరిగింది. ఆరు వారాల్లో పేషెంట్ హాస్పిటల్ నుంచి వెళ్లిపోయాడు. 1787లో అతను వేరే జ్వరంతో చనిపోయాక హంటర్ ఆ కాలిని కోసి పరిశీలించాడు కూడా. మెడిసిన్ చదివేవాళ్లు తొడలో "హంటర్స్ కెనాల్" అని చదువుతారే, ఆ హంటర్ ఈయనే.

ఈ ఆపరేషన్‌లో కొత్తదనం ముడి వేయడంలో లేదు. ముడి అంతకుముందు కూడా వేసేవాళ్లు. కొత్తదనం ఏంటంటే, రోగాన్ని ముట్టుకోకుండా, పరిస్థితులు మార్చి, శరీరం చేతే ఆ పని చేయించడం. క్లాట్‌ని శత్రువుగా కాకుండా పనివాడిగా చూడటం. తర్వాత రెండు శతాబ్దాల ఎన్యూరిజం చరిత్ర అంతా ఈ ఒక్క ఐడియాకి కొనసాగింపే.

కాలి నుంచి ఈ ఐడియా మెడకి ఎక్కింది. లండన్‌లోనే, గైస్ హాస్పిటల్‌లో, హంటర్ పాఠాలు విన్న ఆస్ట్లీ కూపర్ 1805లో ఒక పేషెంట్‌కి మెడలోని కెరోటిడ్ ధమనిని కట్టేశాడు. ఆమె బతకలేదు. 1808లో మళ్లీ చేశాడు. ఈసారి పేషెంట్ బతికాడు, 1821 దాకా ఉన్నాడు. ఈ రెండూ మెడలోని ఎన్యూరిజం కేసులే. కానీ ఒక విషయం రుజువైంది. మెదడుకి వెళ్లే నాలుగు పెద్ద ధమనుల్లో ఒకదాన్ని మూసినా కొంతమంది తట్టుకోగలరు. కొంతమంది అనే మాట ఇక్కడ ముఖ్యం. తట్టుకోలేనివాళ్లకి పక్షవాతం వచ్చేది.

తెలిసి కూడా ముట్టుకోని ఎన్యూరిజం

ఇప్పుడు మన కథకి అసలు కేసు. 1859లో గైస్ హాస్పిటల్ డాక్టర్ విలియం గల్ మెదడు ఎన్యూరిజంల మీద 62 కేసులు పోగుచేసి ప్రచురించాడు. ఆ రోజుల్లో పుర్రె లోపల ఎన్యూరిజం ఉందని దాదాపు ఎప్పుడూ శవపరీక్షలోనే తెలిసేది. బతికుండగా గట్టిగా చెప్పగలిగే లక్షణం ఏదీ లేదు. ఎక్స్-రే కూడా ఇంకా పుట్టలేదు, అది 1895 సంగతి.

అలాంటి కాలంలో, 1861లో, లండన్‌లోనే జొనాథన్ హచిన్సన్ అనే సర్జన్ దగ్గరికి 40 ఏళ్ల ఒక మహిళ వచ్చింది. భయంకరమైన తలనొప్పి. కంటి రెప్ప, కంటి కదలిక పనిచేయించే నరాలు దెబ్బతిన్నాయి. ఏ నరాలు పోయాయో చూసి, అవన్నీ పుర్రె లోపల ఎక్కడ పక్కపక్కన నడుస్తాయో లెక్కేసి, కెరోటిడ్ ధమని మీద ఎన్యూరిజం ఉండి ఆ నరాల్ని నొక్కుతోందని హచిన్సన్ చెప్పాడు. స్కాన్ లేదు, యాంజియోగ్రామ్ లేదు, కేవలం లాజిక్. మెడలో కెరోటిడ్ కట్టేయాలన్న ఆలోచన వచ్చింది కానీ ఆ ఆపరేషన్ జరగలేదు.

ఆమె ఇంకో 11 ఏళ్లు బతికింది. చనిపోయాక పుర్రె తెరిచి చూస్తే ఎన్యూరిజం హచిన్సన్ చెప్పిన ధమని మీదే ఉంది, క్లాట్‌తో మూసుకుపోయి ఉంది. 1875లో ఆయన ఈ కేసుని లండన్ క్లినికల్ సొసైటీలో ప్రచురించాడు. ఆ పేపర్ టైటిల్‌లోనే ఆయన వాడిన మాట: స్పాంటేనియస్ క్యూర్. అంటే దానంతట అదే నయం కావడం.

ఇది నిజంగా గొప్ప కేసు. డయాగ్నోసిస్ రైట్. ఆపరేషన్ చేయకపోయినా పేషెంట్ బతికింది. "దానంతట అదే తగ్గిపోతుంది" అనేవాళ్లకి ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకదు.

కానీ ఇక్కడే ఆగి ఆలోచించాలి. గల్ చెప్పిన 62 కేసుల్నీ, హచిన్సన్ చెప్పిన ఒక్క కేసునీ పక్కపక్కన పెట్టండి. మనకి కథలా గుర్తుండేది ఏది? ఆ ఒక్కటే. నయమైన మనిషికి కథ ఉంటుంది, పేపర్ టైటిల్ ఉంటుంది. పగిలిపోయి చనిపోయినవాళ్లు ఒక లిస్టులో వరసలా మిగిలిపోతారు. డేటాతో పనిచేసేవాళ్లకి ఇది తెలిసిన సమస్యే. మిగిలినవాళ్లని మాత్రమే లెక్కపెడితే లెక్క తప్పుతుంది.

రెండో విషయం, ఎక్కడ ఉందన్నది. ఆమె లక్షణాలు చూస్తే ఎన్యూరిజం కంటి వెనక, కావర్నస్ సైనస్ అనే ప్రాంతంలో ఉన్నట్టు అనిపిస్తుంది. అక్కడి ధమని చుట్టూ గట్టి పొరలు ఉంటాయి. మెదడు చుట్టూ ఉండే నీటి ఖాళీలోకి అది నేరుగా తెరుచుకోదు. 2003లో లాన్సెట్ పత్రికలో పగలని ఎన్యూరిజంల మీద ఒక పెద్ద అంతర్జాతీయ అధ్యయనం వచ్చింది. అందులో 25 మిల్లీమీటర్లు, ఆపైన ఉన్నవాటికి చికిత్స లేకుండా ఐదేళ్లలో పగిలే అవకాశం కావర్నస్ ప్రాంతంలో 6.4 శాతం. అదే కెరోటిడ్ ధమని పైభాగంలోనూ, మెదడు ముందువైపు ధమనుల్లోనూ 40 శాతం. వెనకవైపు ధమనుల్లో 50 శాతం. సైజు ఒకటే, చోటు మారితే రిస్క్ ఎంత మారిందో చూడండి. కాబట్టి "ఫలానావాళ్లకి ఏమీ కాలేదు" అన్న మాట ఇంకొకరికి గ్యారంటీ కాదు.

హచిన్సన్ గురించి ఒక చిన్న ముచ్చట. ఇంత పదునైన కన్ను ఉన్న ఈ మనిషే, కుష్టు వ్యాధి పాడైన చేపలు తినడం వల్ల వస్తుందని జీవితాంతం వాదించాడు. దానికి కారణమైన బ్యాక్టీరియాని నార్వేలో హాన్సెన్ 1873లోనే కనిపెట్టినా ఈయన వినలేదు. 1906లో చేపల వాదన మీద పుస్తకం కూడా రాశాడు. ఒక గొప్ప కేసు చూసినంత మాత్రాన అన్నీ కరెక్ట్ కావు, అది డాక్టర్‌కైనా, యూట్యూబర్‌కైనా.

తీగలు, వేడి, గుర్రపు వెంట్రుకలు

క్లాట్ దానంతట అది వచ్చేదాకా ఎందుకు ఆగాలి, మనమే తెప్పిద్దాం అనేది తర్వాతి తరం ఆలోచన. 1864లో లండన్‌లో చార్లెస్ మూర్ అనే సర్జన్ ఛాతీలోని మహాధమని ఎన్యూరిజంలోకి 26 గజాల సన్నని ఇనుప తీగ దూర్చాడు. తీగ చుట్టూ రక్తం గడ్డకట్టాలని ప్లాన్. క్లాట్ వచ్చింది, పేషెంట్ మాత్రం బతకలేదు.

1941లో అమెరికాలో వెర్నర్, బ్లేక్‌మోర్, కింగ్ అనే ముగ్గురు డాక్టర్లు ఇదే పని పుర్రె లోపలి ఎన్యూరిజంకి చేసి ప్రచురించారు. కంటి గూడు గుండా సుమారు 30 అడుగుల వెండి తీగ లోపలికి పంపి, దాన్ని వేడిచేసి రక్తం గడ్డకట్టించారు. 1960లలో గల్లాగర్ అనే సర్జన్ ఇంకో అడుగు ముందుకేసి, గాలి ప్రెషర్‌తో పనిచేసే ఒక పరికరంతో గుర్రపు, పంది వెంట్రుకల్ని ఎన్యూరిజంలోకి కొట్టాడు. వింటే నవ్వొస్తుంది. కానీ లాజిక్ అదే: లోపల ఏదైనా పరాయి వస్తువు ఉంటే దాని చుట్టూ రక్తం గడ్డకడుతుంది. షికాగోలో షాన్ ముల్లన్ కరెంటుతో ప్రయత్నించాడు. మాస్కోలో ఫ్యోదర్ సెర్బినెంకో సన్నని గొట్టం చివర విడిపోయే చిన్న బెలూన్ తయారుచేశాడు, ఆయన పేపర్ 1974లో వచ్చింది.

ఈ దారి అంతా కలిసి చేరిన చోటు ప్లాటినం కాయిల్. ఇటలీకి చెందిన గుయిడో గుగ్లియెల్మి ఎన్యూరిజంలో కరెంటుతో క్లాట్ చేయించాలని ప్రయోగాలు చేస్తుంటే, కరెంటు పారినప్పుడు తీగ చివర కరిగి విడిపోయింది. ఆ విడిపోవడమే పనికొచ్చింది. మెత్తని కాయిల్‌ని లోపల చుట్టి, కరెంటుతో విడదీసి, అక్కడే వదిలేయొచ్చు. 1990లో అమెరికాలో లాస్ ఏంజెలెస్‌లో మొదటి పేషెంట్‌కి వాడారు. ఇప్పుడు మన హాస్పిటళ్లలో "కాయిలింగ్" అంటున్నది ఇదే.

ఇంకోవైపు పుర్రె తెరిచి చేసే దారి కూడా నడుస్తోంది. 1937లో అమెరికాలో వాల్టర్ డాండీ ఎన్యూరిజం మెడకి వెండి క్లిప్ పెట్టి మూసేశాడు. ఇది వేరే ఫిలాసఫీ. క్లాట్ వస్తుందా రాదా అని చూడక్కర్లేదు, తలుపే మూసేయ్. చిన్న ఎన్యూరిజంకి ఇది అద్భుతంగా పనిచేసింది. జెయంట్ దగ్గరే ఇబ్బంది. మెడ వెడల్పు, గోడ గట్టిపడి ఉంటుంది, లోపల రాయిలాంటి క్లాట్. క్లిప్ నిలవదు. కెనడాలో చార్ల్స్ డ్రేక్ ఇలాంటి కేసుల్లో ప్రపంచంలోనే పేరున్న సర్జన్. 1979లో ఆయన 174 మంది జెయంట్ ఎన్యూరిజం పేషెంట్ల అనుభవం ప్రచురించాడు. క్లిప్ కుదరని చోట ఆయన వెళ్లింది మళ్లీ హంటర్ దగ్గరికే. ధమనినే మూసేసి, బుగ్గ గడ్డకట్టేలా చేయడం. దీన్ని ఇప్పటికీ హంటేరియన్ లైగేషన్ అనే పిలుస్తారు.

సగమే చూపించిన ఫోటో

అసలు లోపల ఎంత క్లాట్ ఉందో ఎలా తెలుసుకునేవాళ్లు? ఇక్కడ టెక్నాలజీ ఒక ట్రిక్ చేసింది.

1927లో పోర్చుగల్‌లోని లిస్బన్‌లో ఎగాస్ మోనిజ్ మెదడు యాంజియోగ్రామ్ కనిపెట్టాడు. ధమనిలోకి రంగు లాంటి మందు ఎక్కించి ఎక్స్-రే తీయడం. అద్భుతం. కానీ యాంజియోగ్రామ్ చూపించేది రక్తం పారే చోటుని మాత్రమే. క్లాట్‌లోకి మందు వెళ్లదు కాబట్టి అది కనిపించదు. నాలుగు సెంటీమీటర్ల ఎన్యూరిజంలో మూడొంతులు గడ్డకట్టి ఉంటే ఫోటోలో చిన్నదే కనిపిస్తుంది. మొత్తం గడ్డకట్టి ఉంటే అసలు ఎన్యూరిజమే లేదనిపిస్తుంది. "చిన్నదైపోయింది" అని సంతోషపడొచ్చు, బుగ్గ మాత్రం లోపల అలాగే ఉంటుంది.

1971లో లండన్‌లో ఒక పేషెంట్ తలకి మొదటిసారి సిటీ స్కాన్ తీశారు. దాన్ని తయారుచేసింది గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్, గ్రామఫోన్ రికార్డులతో పేరు పొందిన ఇఎమ్ఐ కంపెనీలో ఇంజనీర్. మనవాడే అన్నమాట. సిటీలో క్లాట్‌తో సహా మొత్తం బుగ్గ కనిపించడం మొదలైంది. కొత్త ఇబ్బంది కూడా వచ్చింది: మొత్తం గడ్డకట్టిన ఎన్యూరిజం చూడటానికి ట్యూమర్‌లా ఉంటుంది. అందుకే ఈ రోజు డాక్టర్ సిటీ, ఎంఆర్ఐ, యాంజియోగ్రామ్ అన్నీ రాస్తే "డబ్బుల కోసం" అని తొందరపడి అనకండి. ఒక్కో పరీక్ష ఒక్కో సగం చూపిస్తుంది.

ఈ కొత్త కళ్లతో ఆస్ట్రేలియాలో సిడ్నీ డాక్టర్లు విటిల్, డార్ష్, బెస్సర్ పాత ప్రశ్నని సూటిగా అడిగారు. క్లాట్ ఉంటే పేషెంట్‌కి రక్షణ ఉందా, లేదా? 1982లో వాళ్ల పేపర్ వచ్చింది. 22 మంది జెయంట్ ఎన్యూరిజం పేషెంట్లలో 12 మందికి దానంతట అదే కొంతో, మొత్తమో గడ్డకట్టింది. అంటే ఇది అరుదైన అద్భుతం కాదు, సగం మందిలో జరుగుతున్న విషయం. మరి రక్షణ? లేదు. క్లాట్ ఉన్నవి పగిలే అవకాశం, లేనివి పగిలే అవకాశం కన్నా చెప్పుకోదగ్గంత తక్కువగా లేదు. పైగా క్లాట్ ముక్క విడిపోయి ముందుకెళ్లి ఇంకోచోట అడ్డుపడే ప్రమాదం కనిపించింది. కొన్నిసార్లు క్లాట్ అసలు ధమనిలోకే పాకి దాన్ని మూసేసింది. వాళ్లు చివరికి తేల్చింది ఏంటంటే, క్లాట్ ఉందని చికిత్స ప్లాన్ మార్చాల్సిన పనిలేదు.

22 మంది చిన్న సంఖ్యే. కానీ హచిన్సన్ ఒక్క కేసుకీ దీనికీ తేడా చూడండి. ఇక్కడ నయమైనవాళ్లని మాత్రమే కాదు, వచ్చినవాళ్లందర్నీ లెక్కపెట్టారు.

క్లాట్ ఎదురు తిరిగినప్పుడు

రక్షణ లేదు సరే, హాని కూడా చేస్తుందా? ఈ ప్రశ్నకి జవాబు ఈ మధ్య కాలంలో వచ్చింది.

కాయిల్స్ జెయంట్ ఎన్యూరిజంలో సరిగ్గా నిలవలేదు. మెత్తని క్లాట్‌లోకి కాయిల్ కూరుకుపోయి, మెడ దగ్గర మళ్లీ ఖాళీ ఏర్పడేది. అప్పుడు వచ్చింది ఫ్లో డైవర్టర్. ఇది ధమని లోపల పెట్టే దట్టమైన జల్లెడ లాంటి గొట్టం. మెడకి అడ్డంగా నిలబడి రక్తాన్ని నేరుగా ముందుకు పంపుతుంది. బుగ్గలోకి ప్రవాహం తగ్గి, లోపల రక్తం నిదానంగా గడ్డకడుతుంది. చూశారా, మళ్లీ హంటర్! కాకపోతే ధమనిని మూయకుండా. పైప్‌లైన్ అనే ఫ్లో డైవర్టర్‌కి అమెరికా 2011లో అనుమతి ఇచ్చింది. 108 మంది పేషెంట్ల ట్రయల్‌లో, ఆరు నెలలకి సుమారు 74 శాతం ఎన్యూరిజంలు పూర్తిగా మూసుకుని, ట్రయల్ పెట్టుకున్న లక్ష్యాన్ని చేరాయి. వేరే దారిలేని పేషెంట్లకి ఇది పెద్ద విషయం.

కానీ అదే సమయంలో డాక్టర్లు ఒక వింత చూశారు. పరికరం సరిగ్గా పెట్టారు, రక్తం గడ్డకట్టడం మొదలైంది, అంతా బాగానే ఉంది అనుకున్నాక, కొద్ది రోజులకో నెలలకో కొన్ని పెద్ద ఎన్యూరిజంలు పగిలిపోయాయి. 2011లో కుల్చార్ అనే డాక్టరూ ఆయన బృందమూ దీనికి ఒక వివరణ ఇచ్చారు. పగలడానికి కారణం ఆ క్లాటే కావచ్చు. ఒక్కసారిగా ఏర్పడిన తాజా, ఎర్రటి క్లాట్ మంచి బిరడా కాదు. అందులో చిక్కుకున్న తెల్లకణాలు ప్రోటీన్లని కరిగించే ఎంజైములు విడుదల చేస్తాయి. పక్కనే ఉన్నది ముందే పల్చబడిన గోడ. ఎంజైములు దాన్ని కూడా తింటాయి. అంతకుముందే, 2004లో, ఫిన్‌లాండ్‌లోని హెల్సింకీలో ఫ్రోసెన్ బృందం ఆపరేషన్‌లో తీసిన ఎన్యూరిజం గోడల్ని మైక్రోస్కోప్ కింద చూసినప్పుడు కూడా, పగిలినవాటి గోడల్లో కణాలు చనిపోవడం, వాపు కణాలు చేరడం కనిపించింది.

అంటే క్లాట్ రెండు రకాలుగా ప్రవర్తిస్తుంది. నిదానంగా, పొరలు పొరలుగా ఏర్పడి, దానిలోకి కణాలు చేరి, మచ్చలా గట్టిపడితే అది మానుతున్న గాయం. తొందరగా, ముద్దగా ఏర్పడి, పక్కన రక్తం ఇంకా కొడుతూ ఉంటే అది మంట. స్కాన్ రిపోర్టులో మాత్రం రెండిటికీ ఒకటే పదం: థ్రాంబోస్డ్.

ఇంకా ఉంది. ఒకసారి మొత్తం గడ్డకట్టిన ఎన్యూరిజంలో మళ్లీ దారి ఏర్పడి రక్తం పారిన కేసులు ఉన్నాయి. సగం గడ్డకట్టిన ఎన్యూరిజం పగలకుండానే పెరుగుతూ పోవచ్చు. గోడలో కొత్తగా పుట్టే సన్నని రక్తనాళాలు చిట్లి, గోడ లోపలే పదేపదే రక్తం చేరి, ఉల్లిపాయ పొరల్లా లావెక్కడం దీనికి ఒక కారణమని చాలామంది పరిశోధకులు చెప్తారు. అప్పుడది పగలకపోయినా మెదడుని, నరాల్ని నొక్కుతుంది.

మరి మనకేంటి?

1785 నుంచి ఇక్కడి దాకా వచ్చాం కదా, ఒక్క ముక్కలో చెప్పాలంటే ఇది. హంటర్ నుంచి ఫ్లో డైవర్టర్ దాకా క్లాట్ పనిచేసిన ప్రతిచోటా, ఎవరో ఒకరు ముందు రక్తం వచ్చే దారిని మార్చారు. దారి మార్చకుండా క్లాట్ మీద మాత్రమే ఆశ పెట్టుకున్నప్పుడు ఫలితం లాటరీలా ఉంది. హచిన్సన్ పేషెంట్‌కి ఆ లాటరీ తగిలింది.

కాబట్టి రిపోర్టులో ఆ పదం కనిపిస్తే "క్లాట్ అయిందా" అని ఆగిపోకండి. న్యూరోసర్జన్‌ని ఈ ప్రశ్నలు అడగండి. సార్, లోపలికి రక్తం ఇంకా వెళ్తోందా? ఇది ఏ ధమని మీద ఉంది? పాత స్కాన్‌తో పోలిస్తే మొత్తం సైజు, అంటే క్లాట్‌తో కలిపి, పెరిగిందా? మళ్లీ స్కాన్ ఎప్పుడు? అన్ని పెద్ద ఎన్యూరిజంలకీ ఆపరేషనే జవాబని నేను అనడం లేదు. వయసు, చోటు, ఆరోగ్యం చూసి కొందరికి డాక్టర్లే "గమనిస్తూ ఉందాం" అంటారు. కానీ గమనించడం వేరు, వదిలేయడం వేరు. గమనించడానికి డేట్ ఉంటుంది.

ఇంకోటి. "రక్తం గడ్డకట్టింది అంట కదా, పలచబడే మాత్ర వేసుకుంటే కరిగిపోతుంది" అని సొంతంగా మొదలుపెట్టకండి. ఫ్లో డైవర్టర్ పెట్టించుకున్నవాళ్లు డాక్టర్ ఇచ్చిన అలాంటి మాత్రలు చెప్పకుండా మానేయకండి. రెండూ ప్రాణం మీదికి తెస్తాయి.

ఉన్నట్టుండి జీవితంలో ఎప్పుడూ రానంత తలనొప్పి, ఒక కంటి రెప్ప వాలిపోవడం, ఒకటి రెండుగా కనిపించడం, మెడ పట్టేయడం, స్పృహ తప్పడం. వీటిలో ఏది కనిపించినా గూగుల్ వద్దు, ఈ వీడియో కూడా వద్దు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 108కి కాల్ చేయండి, న్యూరో ఉన్న హాస్పిటల్‌కి వెళ్లండి.

ఇంట్లో "దానంతట అదే తగ్గిపోతుంది" అనేవాళ్లతో గొడవ పెట్టుకోకండి. వాళ్లు భయంతోనే అలా అంటారు. 1861 నాటి ఆ మహిళ కథ చెప్పండి, ఆ వెంటనే సిడ్నీలో ఏం తేలిందో కూడా చెప్పండి. ఒక్కటే చెప్తే సగం కథే అవుతుంది.

మీ ప్రశ్నలు కామెంట్స్‌లో పెట్టండి. స్కాన్ ఫోటోలు మాత్రం పెట్టకండి, నేను డాక్టర్‌ని కాదు, అవి చూడాల్సింది వాళ్లే. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.